బిగిస్తే ఆగని గాలి

నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు వైద్యులు సూచించే యంత్రం సీపాప్. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ బృందం లోకానికి తెలిపిన సాధనమది. దాని ఫలం చాలావరకు మాస్కు అమరికపై ఆధారపడి ఉంటుంది. అంచుల నుండి గాలి పోతుంటే కళ్లు మండుతాయి, చికిత్స కుంటుపడుతుంది.

తొలి మాసంలో నేనూ పట్టీలు బిగించి బిగించి ముక్కుదూలంపై పుండు చేసుకున్నాను. గాలి మాత్రం ఆగలేదు. విసిగి యంత్రాన్ని అటకెక్కించాను. ఒకనాడు మనవణ్ణి స్కూటరుపై తీసుకువస్తూ క్షణకాలం రెప్ప వాల్చాను. దైవికంగా పడలేదు. ఆ భయమే నాకు గురువైంది.

మాస్కు కుషన్ గాలికి ఉబ్బి ముఖానికి హత్తుకోవాలి. అతిగా బిగిస్తే అది ముడతపడి సందు ఏర్పడుతుంది. పడుకొని, యంత్రం నడుస్తుండగా పట్టీలు సరిచేసుకోవాలి. జిడ్డు పట్టిన కుషన్‌ను రోజూ కడగాలి. నోటి గుండా గాలి పోతే ముక్కూ నోరూ కప్పే మాస్కును గురించి వైద్యుణ్ణి అడగాలి. నిశ్వాసానికై ఉంచిన రంధ్రాలను మాత్రం ఎన్నడూ మూయరాదు.

ముఖం కొలత చూడక మాస్కు అమ్మడం, పాదం కొలత చూడక చెప్పులు అమ్మడం వంటిదే. పడుకోబెట్టి అమర్చి చూపడం అమ్మేవారి ధర్మం, అడగడం మన హక్కు. మిత్రులారా, అటకమీది యంత్రాన్ని దింపండి.