ఇంటి బండి: కమాను కట్టలు మార్చబోయే ముందు

సాలూరు నుంచి సుంకి ఘాటు మీదుగా కోరాపుట్ వెళ్ళే దారి మన చదువరులలో చాలామందికి పరిచయమే. పెళ్ళికైనా, పేరంటానికైనా చుట్టాలిళ్ళకు దిగాలంటే మాకదే దారి. ఇక మా తోటకు పోయేది రాళ్ళు తేలిన మట్టిబాట. రెంటికీ మా ఇంట ఉన్నది ఒక్కటే పాత జీపు. దానికి ముందూ వెనుకా కమాను కట్టలే.

నిరుడు మా తమ్ముడు, "అన్నయ్యా, జీపు అడుగు రాళ్ళకు తగులుతున్నది. కట్టలకు రెండేసి పట్టీలు ఎక్కించి, పొడుగు షాకిళ్ళు వేయిద్దాం" అన్నాడు. సరేనన్నాము. బండి రెండంగుళాలు లేచింది. వీధిలో అందరూ మెచ్చుకున్నారు. ఆ పండుగకు పెద్దమ్మగారిని తీసుకొని వస్తుంటే, ఘాటు మలుపులో బండి ఒరిగిన తీరుకు ఆవిడ హడలిపోయి, "నాయనా, ఆపు, నేను నడిచి వస్తాను" అన్నది. ఇంటికి చేరి చూస్తే ముందు చక్రపు బ్రేకు గొట్టం తీగలా సాగి ఉన్నది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మేస్త్రీ చెప్పిన సంగతులు అందరికీ పనికివచ్చేవే. బరువు మోయడం కమాను పని. ఊగును ఆపడం షాక్ అబ్జార్బరు పని. ఒకటి చెడితే రెండోదాన్ని బిగించి లాభం లేదు. పట్టీలు పెరిగిన కొద్దీ కట్ట బిగుసుకుంటుంది. పట్టీ మందమే రెట్టింపయితే దాని బిగువు 8 రెట్లవుతుంది. మరీ బిగిసిన కట్ట చక్రాన్ని గుంతలోకి దిగనివ్వదు. చక్రం నేల విడిస్తే పట్టెక్కడిది? పైగా బండి లేచిన కొద్దీ మలుపులో ఒరుగు ఎక్కువ, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి దాని కీళ్ళకు అరుగుదల ఎక్కువ.

అసలు మా జీపు అడుగు తగలడానికి కారణం వేరు. ఏళ్ళ బరువుకు పాత కట్టలు కుంగిపోయినవి. అందుచేత ఎక్కించిన పట్టీలు, పొడుగు షాకిళ్ళు తీయించి, కంపెనీ కొలతకే కొత్త కట్టలు వేయించాము. రబ్బరు బుష్‌లు, నాలుగు షాక్ అబ్జార్బర్లు, బ్రేకు గొట్టాలు మార్పించాము. కొన్నాళ్ళు తిరిగిన తరువాత యూ-బోల్టులు మళ్ళీ బిగింపించాము. పోయిన ఎత్తు చాలావరకు దానంతటదే తిరిగివచ్చింది.

మరొక మాట. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతే స్పష్టం చేసింది. కనుక బండిని ఎత్తు చేయించాలని ముచ్చటపడే పిల్లలున్న ఇళ్ళలో పెద్దలు ముందుగా రవాణా కార్యాలయంలో విచారించడం మంచిది. అంతకన్నా ముందు, అరిగినదేదో చూసి బాగుచేయించడం మంచిది.

ఈ సంక్రాంతికి పెద్దమ్మగారు మళ్ళీ అదే జీపులో వచ్చింది. ఘాటు మలుపులన్నీ దాటేసరికి ఆవిడ హాయిగా నిద్రపోతున్నది. మేస్త్రీకి అంతకు మించిన యోగ్యతాపత్రం మేమివ్వలేము.