గత్తం బండికి రాయితీ ఏదీ?

నౌపడ రైలు స్టేషన్ దాటితే ఒక పక్క ఉప్పు మడులు, ఇంకో పక్క వరి మళ్లు. ఈ ఉప్పుగాలి నేలకు గత్తాన్ని మించిన మందు లేదని మన తాతలకు తెలుసు. మరి ఇవాళ్టి రైతు గత్తం ఎందుకు తోలడం లేదు? ‘యూరియా పిచ్చి పట్టింది’ అని ఏసీ గదుల మేధావులు తీర్పులిస్తున్నారు. పిచ్చి రైతుది కాదు, పాలకుల లెక్కది.

వరికి ఎకరాకు 4 టన్నుల పశువుల గత్తం వేయమంటారు శాస్త్రవేత్తలు. టన్నుకు సుమారు 5 కిలోల చొప్పున అందులో నత్రజని 20 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలోనూ దాదాపు అంతే. బస్తా ధర రూ.266.50. అదే 4 టన్నులు తవ్వి, ఎత్తి, తోలి, చిమ్మడానికి కూలి, ట్రాక్టరు కిరాయి ఎంతో ఏ రైతునడిగినా చెబుతాడు. సైకిలు మీద వచ్చే బస్తాతో గత్తం బండి ఎలా పోటీ పడుతుంది?

అయితే ఆ గత్తంలోనే సుమారు 8 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ కూడా ఉన్నాయి. కొనాలంటే డీఏపీ బస్తాలో మూడో వంతు, పొటాష్ బస్తాలో రెండు వంతులు కావాలి. గత్తం బలం మొదటి పంటకే అంతా అందదు, నిజమే. మిగిలింది తర్వాతి పంటలకు పనికొస్తుంది. నేలను గుల్లపరిచి నీరు పట్టి ఉంచే గుణం మాత్రం ఏ బస్తాలోనూ లేదు.

యూరియా దానంతటది చౌక కాలేదు. మన పన్నుల సొమ్ము రాయితీగా కంపెనీల ఖాతాల్లో పడుతోంది. 2023 జూన్‌లో ఢిల్లీకి పేడ గుర్తొచ్చింది. సేంద్రియ ఎరువుకు టన్నుకు రూ.1,500 సాయం ప్రకటించింది. ఎవరికి? గోబర్‌ధన్ ప్లాంట్లలో తయారైన ఎరువుకు! అదే లెక్కన ఎకరాకు 4 టన్నులు తోలే రైతుకు రూ.6,000 రావాలి. అతని పెంటకుప్పకు పైసా లేదు.

ఢిల్లీని చూపించి అమరావతి తప్పించుకోలేదు. వ్యవసాయం రాష్ట్ర జాబితాలోనిది. 2000లో పుట్టిన ఛత్తీస్‌గఢ్ 2020 జూలైలో కిలో 2 రూపాయలకు పేడ కొనడం మొదలుపెట్టింది. 2023లో ప్రభుత్వం మారాక ఆ పథకం మూలన పడిందన్నది వేరే సంగతి. సొంత రాష్ట్రం ఉంది గనకే సొంత నిర్ణయం తీసుకోగలిగింది. 1953లో, 1956లో, 2014లో మూడుసార్లు గీతలు మారినా ఉత్తరాంధ్రకు ఆ అధికారం దక్కిందా?

విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా! ‘పేడకీ రాష్ట్రానికీ సంబంధమేమిటి’ అని నవ్వేవాళ్లకు ఈ లెక్క చూపించండి. మన సాలలోని గత్తానికి వెల కట్టే హక్కు మనకు కావాలి. ఆ హక్కు పేరే ఉత్తరాంధ్ర రాష్ట్రం!