పెట్టె మీది ధర, పందిట్లోని ఖర్చు

పెళ్లిళ్ల సీజను దగ్గర పడుతున్నదంటే చాలు, ఢిల్లీ చాందినీ చౌక్‌లోని కూచా చౌధరీ కెమెరా బజారు మొదలుకొని జిల్లా కేంద్రాలలోని స్టూడియో సామగ్రి దుకాణాల దాకా ఒకే దృశ్యం కానవస్తుంది. వృత్తిలోకి కొత్తగా అడుగిడుతున్న యువకుడొకడు రెండు పెట్టెలను ముందు పెట్టుకొని తర్జనభర్జన పడుతుంటాడు. ఒకటి కానన్ ఆర్50, రెండవది నికాన్ జెడ్30. రెండూ మిర్రర్‌లెస్ శ్రేణిలో ప్రవేశస్థాయి కెమెరాలే. ధరలో తేడా పండుగ రాయితీలకు అటూ ఇటూ ఊగిసలాడే కొద్ది వేలు మాత్రమే. కాని అతని జేబులో ఉన్నది తరచు అప్పు తెచ్చిన సొమ్ము. ఈ కొనుగోలుతో అతడు కెమెరాను మాత్రమే కాక, రాబోయే పదేళ్లకు ఏ కంపెనీ లెన్సులు వాడవలసి ఉంటుందో కూడా నిర్ణయించుకుంటున్నాడు. దుకాణదారు సాధారణంగా ఈ రెండవ సంగతి ఎత్తడు.

లోపలి అద్దాన్ని తొలగించి, సెన్సారు చూసే దృశ్యాన్ని నేరుగా తెరపై చూపే ఈ తరహా కెమెరాలకు 2008లో పానసోనిక్ జి1తో శ్రీకారం జరిగింది. కానన్, నికాన్ సంస్థలు పాత అద్దపు కెమెరాలనే నమ్ముకొని చాలాకాలం తాత్సారం చేసి, 2018లో గాని తమ నేటి వ్యవస్థలైన ఆర్ఎఫ్, జెడ్ మౌంట్‌లను తేలేదు. ఈలోగా సెల్‌ఫోన్ రంగాన్ని ఊడ్చివేసింది. జపాన్ తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కర్మాగారాలనుంచి బయటకు వెళ్లగా, 2023 నాటికి ఆ సంఖ్య 80 లక్షల లోపునకు పడిపోయింది. అమ్మకాలు ఇంతగా కుంచించుకుపోయినప్పుడు కంపెనీలు ఖరీదైన నమూనాల మీద, లెన్సుల మీద లాభం చూసుకోవడం సహజం. ప్రవేశస్థాయి కెమెరా వారికి సింహద్వారం వంటిది. లోపలికి రప్పించడానికి ఎన్ని సౌకర్యాలు కావాలో అన్నీ ఉంటాయి. అక్కడే స్థిరపడిపోకుండా ఎన్ని తీసివేయాలో అన్నీ తీసివేసి ఉంటాయి. కొనుగోలుదారు పరిశీలించవలసింది ఉన్నవాటి పట్టికను కాదు, లేనివాటి పట్టికను.

2023 ఫిబ్రవరిలో ప్రకటించిన ఆర్50లో 2 కోట్ల 42 లక్షల పిక్సెళ్ల సెన్సారు ఉన్నది. 2022 జూన్‌లో వచ్చిన జెడ్30లో 2 కోట్ల 9 లక్షలు. ఈ అంకెల తేడా గోడకు వేలాడదీసే ఫొటోలో కూడా కంటికి ఆనదు. బ్యాటరీ, కార్డుతో కలిపి ఒకటి 375 గ్రాములు, మరొకటి 405 గ్రాములు. ఇదీ పట్టించుకోదగ్గది కాదు. చేయి వణికితే సర్దుకొనే ఏర్పాటు రెండింటి బాడీలోనూ లేదు, లెన్సులో ఉన్నదే దిక్కు. రెండూ పూర్తి వెడల్పుతో సెకనుకు 30 ఫ్రేముల 4కె వీడియో తీస్తాయి. ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించే ఇటువంటి అంశాలలో రెండూ సమానమనే భావించవచ్చు.

అసలు తేడా లెన్సుతో మొదలవుతుంది. కానన్ పెట్టెలో వచ్చేది 18-45 మిల్లీమీటర్ల లెన్సు. విశాలమైన కొసన దాని అపెర్చరు ఎఫ్/4.5. నికాన్ ఇచ్చేది 16-50, అదే కొసన ఎఫ్/3.5. అంటే ఒకే వెలుగులో నికాన్ లెన్సు గుండా చేరే కాంతి ఒకటిన్నర రెట్లకు మించి ఉంటుంది. కానన్ సెన్సారు కాస్త చిన్నది కావడంతో కోణం కూడా తగ్గుతుంది. పాత ఫిల్ము కెమెరాల లెక్కలో చెప్పాలంటే కానన్‌ది 29 మిల్లీమీటర్లు, నికాన్‌ది 24. పది అడుగుల గదిలో గోడకు ఆనుకొని నిలబడి పెళ్లికూతురిని, చుట్టూ చేరిన పదిమంది బంధువులను ఒక ఫ్రేములోకి తీసుకోవలసి వచ్చినవారికి ఈ అయిదు మిల్లీమీటర్ల విలువ తెలుస్తుంది. జూమ్ చేసిన కొసన రెండూ ఎఫ్/6.3కే పడిపోతాయి. దీపాలు తక్కువగా ఉన్న మండపంలో ఏ ఒక్కటీ పనికిరాదు.

అయితే నికాన్‌లో ఒక పెద్ద లోటున్నది. దానికి వ్యూఫైండరు లేదు. కంటికి ఆనించి చూసే ఆ చిన్న కిటికీ విదేశీ సమీక్షకులకు విలాసంగా తోచవచ్చు. మే నెల మధ్యాహ్నం ఆరుబయట ఊరేగింపును తీసేవాడికి మాత్రం వెనుక తెరపై తన ముఖమే ప్రతిబింబిస్తుంది తప్ప పెళ్లికొడుకు ముఖం కనబడదు. కానన్‌లో 23 లక్షల 60 వేల చుక్కల వ్యూఫైండరు ఉన్నది. కదిలే మనిషిని, పక్షిని, వాహనాన్ని గుర్తుపట్టి వెంటాడే ఫోకస్ విషయంలోనూ కానన్ స్పష్టంగా ముందున్నది. నికాన్ మనుషుల, కుక్కల, పిల్లుల కళ్లను గుర్తించగలదు గాని పరుగెత్తే పిల్లవాడి వెంట అంత నమ్మకంగా పోలేదు. జెడ్30 ప్రధానంగా తనను తాను చిత్రీకరించుకొనేవారి కోసం రూపొందినదని దాని ముందుభాగాన వెలిగే ఎర్రదీపమే చెబుతున్నది. నికాన్ 2024 నవంబరులో తెచ్చిన జెడ్50-2లో ఇదే స్థాయి సెన్సారుకు వ్యూఫైండరును, మెరుగైన ఫోకస్‌ను జోడించింది. కానన్ 2025లో అందుకు విరుద్ధంగా వ్యూఫైండరు తీసివేసి వీడియో కోసం ఆర్50 వి అనే రూపాన్ని ప్రవేశపెట్టింది. పేరులో ఒక్క అక్షరమే తేడా. దుకాణంలో పెట్టె మీద ఆ అక్షరాన్ని గమనించకపోతే కోరినది ఒకటి, ఇంటికి చేరేది మరొకటి అవుతుంది.

ఇక ఫ్లాష్ సంగతి. ఇది చాలామందికి డబ్బు కట్టిన తరువాత గాని తెలియదు. స్టూడియోలలో చేతులు మారుతూ తిరిగే పాత ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు నికాన్ జెడ్30 నెత్తిన తగిలిస్తే వెలుగుతాయి. పాత నమూనాలకు వెలుగు పాళ్లు చేత్తో సర్దుకోవలసి వచ్చినా పని ఆగదు. ఆర్50లోని కొత్త తరహా షూలో పాత ఫ్లాష్‌లకు కావలసిన నడిమి పిన్ను లేదు. ఏడీ-ఈ1 అనే అడాప్టరును విడిగా కొంటే తప్ప వాటిని వాడలేరు. కెమెరాలోనే చిన్న ఫ్లాష్ ఉన్న మాట నిజమే గాని, దానితో ఫంక్షన్ హాలును వెలిగించాలనుకోవడం అమాయకత్వం. ఇంటింటి వేడుకలకు వెళ్లే వృత్తిదారుకు ఫ్లాష్ పనిముట్టు. ఆ పనిముట్టు పెట్టే చోటుకే తాళం వేసి, తాళంచెవిని వేరే ధరకు అమ్మడం ప్రవేశస్థాయి కెమెరాలో సమర్థించదగిన పొదుపు కాదు.

లెన్సుల విషయంలోనూ ఇటువంటి ధోరణే కొంతకాలం సాగింది. ఆర్ఎఫ్ మౌంట్‌కు ఇతర సంస్థలు ఆటోఫోకస్ లెన్సులు తయారు చేయడాన్ని కానన్ 2022లో పేటెంట్ల పేరిట అడ్డుకొన్నది. 2024 ఏప్రిల్‌లో గాని సిగ్మా, టామ్రాన్‌లకు ఈ చిన్న సెన్సారు కెమెరాల వరకు అనుమతి దొరకలేదు. నికాన్ కాస్త ముందే తలుపు తెరిచింది. కాని మన దేశంలో పాత సరుకు సంతను లెక్కలోకి తీసుకుంటే త్రాసు మళ్లీ కానన్ వైపు మొగ్గుతుంది. అద్దపు కెమెరాల కాలంనాటి కానన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టరుతో ఆర్50 మీద పూర్తి ఆటోఫోకస్‌తో పనిచేస్తాయి. నికాన్ వారి ఎఫ్‌టీజెడ్ అడాప్టరులో మోటారు లేనందున, తండ్రి కాలంనాటి ఏఎఫ్-డి లెన్సులను జెడ్30 మీద చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవలసిందే. ఇంట్లో బీరువాలో ఏ లెన్సులు ఉన్నాయో చూడకుండా దుకాణానికి వెళ్లడం వివేకం కాదు.

పన్నుల వ్యవహారం మరొక ఎత్తు. ఊటీలో 1960లో ప్రభుత్వం నెలకొల్పిన హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరిట ఫిల్మును, కాగితాన్ని అందించి కాలగర్భంలో కలిసిపోయింది. డిజిటల్ కెమెరాలకు సంబంధించి దేశం దిగుమతుల మీదనే ఆధారపడుతున్నది. వాటి సుంకం చుట్టూ వింత వివాదాలు నడిచాయి. ఒకే దఫాలో అరగంటపాటు వీడియో తీయగలిగిన కెమెరాకు సుంకం మినహాయింపు వర్తించదన్న నిర్వచనం ఆధారంగా, 2012లో దిగుమతి అయిన కొన్ని కెమెరాలపై రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు నోటీసులిచ్చారు. ఆ నోటీసులిచ్చే అధికారం వారికి లేదని సుప్రీంకోర్టు 2021 మార్చిలో తీర్పు చెప్పి, 2024 నవంబరులో పునఃసమీక్షించి అధికారం ఉన్నదని తేల్చింది. ఫొటోలు తీసే పెట్టె వీడియో పెట్టెగా ఎన్నో నిమిషాన మారుతుందన్న ప్రశ్న మీద దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వ్యాజ్యం నడవడం విడ్డూరమే. నేటి కెమెరాలు ఆ అరగంట గీతను సునాయాసంగా దాటుతున్నాయి.

జీఎస్టీ వచ్చిన 2017లో కెమెరాలపై 28 శాతం పన్ను ఉండేది. 2019 జనవరి 1 నుంచి 18 శాతానికి తగ్గించారు. పన్నుతో కలిపి 70 వేల బిల్లు అనుకుంటే అందులో సుమారు 10,700 రూపాయలు ప్రభుత్వానిదే. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద స్టూడియో ఈ మొత్తాన్ని తాను వసూలు చేసిన పన్నులో మినహాయించుకుంటుంది. ఏడాదికి 20 లక్షల లోపు ఆదాయంతో, రిజిస్ట్రేషన్ లేకుండా నడిచే చిన్న ఫొటోగ్రాఫరు పూర్తిగా మోస్తాడు. బిల్లు లేని సరుకు వైపు అతడిని నెడుతున్నది ఈ భారమే. ఎనిమిది, పది వేలు మిగులుతాయన్న ఆశతో కొన్న అటువంటి కెమెరా సీజను మధ్యలో మొరాయిస్తే కంపెనీ వారంటీ అక్కరకు రాదు. అద్దెకు తెచ్చుకున్న కెమెరా రోజువారీ కిరాయి ఆ మిగులును కొద్ది వారాల్లో తినివేస్తుంది.

ఈ రెండింటిలో ఒకటి ఎంచుకొని తీరాలంటే, ఫొటోలు తీసి బతకదలచినవాడికి ఆర్50యే తగినది. వ్యూఫైండరు, ఫోకస్ రెండూ రోజూ అక్కరకు వచ్చేవి. ఫ్లాష్ అడాప్టరు ధరను, వెలుగు ఎక్కువగా రానిచ్చే ఒక 50 మిల్లీమీటర్ల లెన్సు ధరను, రెండు అదనపు బ్యాటరీల ధరను ముందే కలిపి లెక్క వేసుకోవాలి. ఆ మొత్తం చేతిలో లేకపోతే కొనుగోలును మరో సీజనుకు వాయిదా వేయడం మేలు. దుకాణం నుంచి చీరలనో, వంటింటి నుంచి వంటలనో వీడియోలో చూపదలచినవారికి జెడ్30 చాలు, దాని లెన్సు నయం.

పూర్తిస్థాయి పెళ్లి పనిని ఒంటరిగా ఒప్పుకోదలచినవారి సంగతి వేరు. రెండు కెమెరాలలోనూ మెమరీ కార్డుకు ఒక్కటే అర ఉన్నది. తీసిన ప్రతి ఫొటో అదే క్షణంలో రెండవ కార్డులోనూ నమోదయ్యే వీలు వీటిలో లేదు. తలంబ్రాల వేళ కార్డు పాడైతే ఆ కుటుంబానికి చెప్పుకోవడానికి మాట ఉండదు, బయానా తిరిగి ఇచ్చినా ఆ ముహూర్తం తిరిగి రాదు. రెండు అరలున్న పాత కెమెరా ఒకటి, బిల్లుతో సహా, ఇదే ధరకు దొరుకుతుందేమో దుకాణం వాడిని అడగవలసింది ముందుగా అటువంటివారే.