సీటు కొలత నేలది కాదు, కాలిది!

షేక్‌పేట నుంచి ఫిల్మ్‌నగర్ ఎక్కే దారిలో ఒక ఉదయం నిలబడి చూడండి. వేలు పోసి కొన్న రోడ్డు సైకిళ్ళ మీద మోకాళ్ళు ఛాతీకి తగిలేలా తొక్కుతూ ఆయాసపడే పెద్దమనుషులు కనిపిస్తారు. కారణం, "కూర్చుంటే రెండు పాదాలూ నేలకానాలి" అన్న పాత సూత్రం. కైంచీ తొక్కుడు మాని సీటెక్కే పిల్లవాడికి అది రక్ష, పెద్దవాడికి శిక్ష.

అయ్యా, మనం తొక్కేది పెడలును, నేలను కాదు! సీటు కిందికుంటే మోకాలు అతిగా ముడుచుకుని చిప్ప దగ్గర నొప్పి పుడుతుంది. మరీ పైకుంటే నడుము అటూ ఇటూ ఊగి, మోకాలి వెనక లాగుతుంది.

కొలత తేలికే. గోడ పట్టుకుని సీటెక్కి, మడమతో పెడలును అట్టడుగుకు నొక్కండి. కాలు నిటారుగా చాగాలి. ఆపై ముంగాలితో తొక్కితే మోకాలు కాస్త వంగే ఉంటుంది. లెక్క కావాలంటే గ్రెగ్ లెమాండ్ పేర వాడుకలో ఉన్నదొకటి: కాలి లోపలి పొడవును 0.883తో గుణించండి. 80 సెంటీమీటర్లకు పెడళ్ళ ఇరుసు నుంచి సీటు పైభాగానికి 70.6. అది ఆరంభం మాత్రమే. మిగతాది మీ మోకాలే చెబుతుంది. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు దిగి కాలు మోపడం నేర్చుకుంటే చాలు.

ఔటర్ రింగు రోడ్డు వెంట 2023లో సౌరఫలకాల నీడతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. దారి వచ్చింది; సీటు మాత్రం లేవలేదు. ఒక్క అలెన్ కీ తిప్పడానికి బద్ధకించి, "సైకిలు మోకాళ్ళకు చేటు" అని నిందవేసి, దాన్ని బాల్కనీలో బట్టలారేసుకునే దండెం చేస్తున్నాం. నేరం సైకిలుదా, మనదా?