ఉద్యోగము చేయు తల్లియు, ఇంటి బరువును

స్త్రీ ఉద్యోగమునకు పోవుటచేతనే మన కుటుంబములు సడలిపోవుచున్నవని ఇటీవల ఆలయ మంటపమున పెద్దలు కొందరు తరచుగా అనుచున్నారు. పిల్లలకు తెలుగు రాకపోయినను, పండుగనాడు పిండివంట తగ్గినను నింద తల్లి యుద్యోగము మీదనే పడుచున్నది. ఈ మాట న్యాయము కాదనియు, మన చరిత్రకే విరుద్ధమనియు విన్నవించుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ దేశమునకు వచ్చిన మన స్త్రీ ఎన్నడు ఇంటిపట్టున నుండినది? మలయాలో ఒప్పంద కూలి విధానము 1910లో రద్దయినది. ఆ కాలమున వచ్చినవారైనను, తరువాత కంగాణీల వెంట వచ్చినవారైనను, మన అవ్వలందరు తోటపని చేసినవారే. చల్లని వేళనే రబ్బరు పాలు బాగుగా కారును గనుక తెల్లవారకముందే లేచి చెట్లు గీచిరి. ఎండ ముదిరిన పిదప ఆ పాలను బకెట్లతో మోసికొని వచ్చి తూకము వేయించిరి. 1930ల దశాబ్దమున పురుషునికి 50 సెంట్లు దినకూలి నిర్ణయించినచోట స్త్రీకి 40 సెంట్లే. ఆ తక్కువ కూలి కూడ చేరినందుననే మన ఇండ్లు నిలిచినవి. ఆ సొమ్ముతో అక్షరములు దిద్దుకొన్న మనము నేడు వారి మనుమరాండ్రను పనికేల పోవుచున్నారని అడుగుట తగునా?

మరి నాటికిని నేటికిని భేదమేమి? నాడు తల్లికి తోడుండెను. లైను ఇండ్లలో పక్క వాకిట పిన్ని, ఎదుటి వాకిట అవ్వ ఉండెడివారు. చాల తోటలలో పసిపిల్లలను ఉంచుటకొక పాకయు, వారిని చూచుటకొక ఆయాయు ఉండెను. ఆ ఏర్పాటు గొప్పదని చెప్పను. ఒక్క ఆయా ఎందరో బిడ్డలను చూడవలసి వచ్చెడిది. అయినను బిడ్డ నడక దూరములోనే యున్నాడని తల్లి కొంత ధైర్యముతో నుండెను. 1950, 1960 దశాబ్దములలో పెద్ద తోటలు పెక్కు ముక్కలుగా అమ్ముడుపోయినవి. రబ్బరు పోయి ఆయిల్ పామ్ వచ్చినది. మనవారు పట్టణములకు చెదరిరి.

నేడు అంతస్తుల యిండ్లలో తలుపులు మూసికొని కాపురములు. తల్లి చీకటితో లేచి వంట ముగించి, బిడ్డను శిశుశాలలో దింపి, ఆఫీసుకో ఫ్యాక్టరీకో ఆసుపత్రికో పరుగెత్తుచున్నది. సాయంకాలము ఇల్లు చేరిన పిదప ఆమెకు రెండవ పని మొదలగుచున్నది. పగటి పని ఇద్దరిది, రాత్రి పని ఒక్కరిది. 2023లో మలేషియాలో పనిచేయు వయసు గల స్త్రీలలో ఉద్యోగమున నున్నవారును, దానిని వెదకువారును కలిసి సుమారు 56 శాతము మాత్రమే. పురుషులలో ఆ సంఖ్య 80 శాతమునకు పైబడియున్నది. మిగిలిన స్త్రీలు చెప్పు కారణములలో ఇంటిపని, కుటుంబ బాధ్యత ముందు నిలుచుచున్నవి. ఇష్టపడి ఇంట నుండు తల్లి మనకు పూజ్యురాలు. గత్యంతరము లేక మానుకొన్న తల్లి సంగతి వేరు.

చట్టము కొంత కదలినది. 2023 జనవరి 1 నుండి ద్వీపకల్ప మలేషియాలో ప్రసూతి సెలవు 60 దినముల నుండి 98 దినములకు పెరిగినది. తండ్రికి జీతముతో 7 దినముల సెలవు కలిగినది. పనివేళలను గాని పనిస్థలమును గాని సడలింపుమని వ్రాతమూలకముగా కోరవచ్చును. యజమాని 60 దినములలో బదులీయవలెను, కాదన్నచో కారణము చెప్పవలెను. ఈ సంగతి ఎరిగినవారు ఎరుగనివారికి తెలుపుదురు గాక. అయితే ఏడు దినములతో తండ్రి బాధ్యత తీరునా?

చట్టము మన వంటింటిలోనికి రాజాలదు. ధర్మార్థకామములందు ఈమెను అతిక్రమింపనని పెండ్లిపీటల మీద వరునిచే పురోహితులమైన మేము పలికించుచున్నాము. అంట్లు తోముటయు, బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి మేలుకొని యుండుటయు ఆ ప్రమాణములో చేరినవేయని నా నమ్మకము. కొడుకునకు అన్నము వండుట నేర్పని తల్లిదండ్రులు రాబోవు కోడలి పేర అప్పు వ్రాసిపెట్టుచున్నారు.

ఇక మన ఆలయము సంగతి. దండలు గ్రుచ్చుటకును, ప్రసాదము వండుటకును, పిల్లలను తెలుగు తరగతికి తెచ్చుటకును తల్లులను పిలుతుము. సమావేశమునకు మాత్రము తండ్రులను పిలుతుము. కావున మూడు విషయములు కార్యవర్గము ముందుంచుచున్నాను. మొదటిది: తెలుగు తరగతిని ఆదివారపు పూజ వెంటనే జరుపవలెను. పిల్లలను తెచ్చు పని తండ్రులు వంతులవారీగా చేయవలెను. రెండవది: ప్రసాదపు వంట పట్టికలో పురుషుల పేర్లును చేర్చవలెను. పెద్ద దేవాలయములలో నైవేద్యము వండువారు పురుషులే గదా. దేవునికి వండిన చేయి ఆలుబిడ్డలకు వండినంత మాత్రమున మైలపడదు. మూడవది: పగలు ఖాళీగా నుండు మన మందిరమున, బడి సెలవులలో పిల్లలను విశ్రాంత ఉపాధ్యాయుల పర్యవేక్షణలో ఉంచవలెను. పసివారిని కూడ దినదినము చేర్చుకొనదలచినచో 1984 నాటి శిశుసంరక్షణ కేంద్రముల చట్టము క్రింద నమోదు చేయించుకొనవలెను గనుక, మొదట బడి పిల్లలతో ఆరంభించుట మేలు.

తల్లి ఉద్యోగము మానవలెనని చెప్పు ప్రతి పురుషుడును తన యింట తాను ఎత్తుకొన్న బరువెంతయో ముందు చెప్పవలెను. ఈ మూడు విషయములను రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టవలసినదిగా కార్యవర్గమును సవినయముగా కోరుచున్నాను. ఆ సమావేశమునకు తల్లులు తప్పక రావలెను. ఆనాడు పిల్లలను ఇంట చూచుకొను భారము తండ్రులది.