అప్పీలు హైదరాబాద్‌ల కాదు, గోలేటిలనే తేలుతది



తిర్యాణి, రెబ్బెన, ఆసిఫాబాద్ మండలాల తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన పోరాటానికి తోడుండే మిత్రులారా, ఈ మాటలు కొంచెం పొడుగుంటయి. ఓపికగా చదవుండ్రి, ఇంట్ల పెద్దోళ్లకు గోండిలనో కోలామిలనో చెప్పుండ్రి.

గోలేటి చుట్టుపక్కల బొగ్గు పనుల్లో మనోళ్లు ఎక్కడ కనబడ్తరో మీకు తెలుసు. ఓబీ మట్టి తీసేకాడ, టిప్పర్ల మీద, బెల్టులకాడ, సైడింగుల, ఊడ్చే పనిల. కాంట్రాక్టు కూలీలుగా. పర్మినెంట్ కార్మికుడు మెడికల్ అన్‌ఫిట్ అయితే ఇంట్ల వారసునికి ఉద్యోగం అడిగే దారన్న ఉన్నది. కాంట్రాక్టు కూలీకి ఆ దారి లేదు. భూమి ఓపెన్‌కాస్టుకు పోయి, అదే ఓపెన్‌కాస్టుల కూలికి పోయినోనికి చెయ్యో కాలో పోతే మిగిలేది ఒక్క నష్టపరిహారమే.

అసొంటి రోజు మనం ఏం చేస్తం? గేటుకాడ కూసుంటం. నాయకులొస్తరు, చర్చలు నడుస్తయి, రాత్రికి ఒక అంకె ఖాయమైతది. ఒక కాగితం మీద సంతకమో వేలిముద్రో పడ్తది. ధర్నా లేస్తది. ధర్నా తప్పని నేను అనను. ఆ ధర్నా లేకపోతే ఆ అంకె కూడా రాదు. కానీ గేటుకాడ వచ్చిన పైసలు వేరు, చట్టం ప్రకారం రావాల్సిన పైసలు వేరు. రెండోదాన్ని మనం వదిలిపెడ్తున్నం. ఎవరన్న ధైర్యం చేసి కేసేసి గెలిచినా, అవతలోడు హైకోర్టుకు పోంగనే "ఇంక మన చేతుల లేదు" అని చేతులెత్తేస్తున్నం. ఆ మాట అబద్ధం. ఎందుకు అబద్ధమో చెప్త.

గనుల చట్టం కిందికి వచ్చే గనిని ఈఎస్‌ఐ చట్టం ఫ్యాక్టరీగా లెక్కపెట్టదు. అందుకే గనిల దెబ్బ తగిలినోనికి 1923 నాటి నష్టపరిహార చట్టమే దిక్కైంది. 2025 నవంబరు 21 నుంచి అమలంటున్న సామాజిక భద్రతా కోడ్ ఆ పాత చట్టాన్ని తనల కలుపుకున్నది. నేను ఇక్కడ చెప్పే సెక్షన్ నంబర్లు పాత చట్టంవి. అప్పీలుకు పెట్టిన అసలు షరతు మాత్రం కొత్త కోడ్‌ల కూడా అట్లనే ఉన్నది.

కేసు మొదట కార్మిక శాఖ కమిషనర్ ముందు నడుస్తది. ప్రమాదం జరిగిన జాగలనే వెయ్యాలని లేదు, నువ్వు ఉండే ప్రాంతపు కమిషనర్ దగ్గర కూడా వెయ్యొచ్చు. రెండేండ్ల లోపల వెయ్యాలె. కమిషనర్ తీర్పు నచ్చనోళ్లు 60 రోజుల్లో హైకోర్టుకు పోవాలె. అయితే సెక్షన్ 30 ఒక గట్టి అడ్డుగోడ పెట్టింది. గట్టి చట్టపరమైన ప్రశ్న ఉంటేనే అప్పీలు వినాలె. "కమిషనర్ లెక్క తప్పు, సాక్షి అబద్ధమాడిండు" అంటే సరిపోదు.

సుప్రీంకోర్టు 2016ల ఇదే చెప్పింది: వాస్తవాల విషయంల కమిషనరే ఆఖరి అధికారి. 2018ల నార్త్ ఈస్ట్ కర్ణాటక రోడ్డు రవాణా కార్పొరేషన్ కేసుల ఇంకా ఇడమరిచి చెప్పింది. ఆయన కూలీ అవునా కాదా, ప్రమాదం పనిల జరిగిందా లేదా, జీతం ఎంత, వయసు ఎంత, ఎంత శాతం వైకల్యం, ఇవన్నీ వాస్తవాలు. కమిషనర్ సాక్ష్యం చూసి ఒకసారి తేల్చినంక, మామూలుగా హైకోర్టు వాటిని మళ్ల తవ్వొద్దు.

ఇప్పుడు ఆలోచించుండ్రి. ఈ గోడ రెండు దిక్కులా పనిచేస్తది. కమిషనర్ ముందు నీ వాస్తవాలు గట్టిగా రాయించుకుంటే, కంపెనీ వకీలు ఎంత పెద్దోడైనా ఆ గోడ దాటుడు కష్టం. అదే కమిషనర్ ముందు నీ జీతం తక్కువ పడ్డా, నీ పేరే రిజిస్టరుల లేకున్నా, గోడ అవతల నిలబడేది నువ్వే. హైకోర్టుల ఏడ్చినా వినరు. రికార్డుల ఉన్న సాక్ష్యాన్ని కమిషనర్ చూడనే లేదు, లేకపోతే ఏ సాక్ష్యం లేకుండ తేల్చిండు అని చూపెడితే, అప్పుడది చట్టపరమైన ప్రశ్న అయితది. దానికి కూడా ఆ కాగితం ముందుగాల రికార్డుల ఉండాలె కదా! అంటే అప్పీలు తేలేది హైదరాబాద్‌ల కాదు. దెబ్బ తగిలిన మొదటి వారంల, గోలేటిల, దవాఖాన కేసు షీటు మీద, పోలీసు కాగితం మీద, హాజరు పుస్తకంల తేలుతది.

అంకెలల్ల చూద్దాం. చెయ్యి కాలు పూర్తిగా పనికిరాకుంట పోయిన 30 ఏండ్ల మనిషిని అనుకుందాం. చట్టం లెక్క ఇది: జీతంల 60 శాతం, దాన్ని వయసును బట్టి పట్టికల ఉన్న అంకెతో గుణించాలె. 30 ఏండ్లకు ఆ అంకె 207.98. లెక్కకు తీసుకునే జీతం మీద గరిష్ఠ పరిమితి ఉన్నది. 2020 జనవరి 3 నోటిఫికేషన్ దాన్ని 8,000 నుంచి 15,000 చేసింది. టిప్పర్ నడిపి పాతికవేలు సంపాదించినా లెక్కకొచ్చేది 15,000 మాత్రమే. ఇదే ఒక అన్యాయం. ఆ పరిమితి ప్రకారం వచ్చేది 18,71,820 రూపాయలు. అదే మనిషికి జీతం చీటీ లేక, కాంట్రాక్టరు "నెలకు 8,000 ఇచ్చిన" అని చెప్పింది నిలబడితే, 9,98,304. ఒక్క కాగితం లేకపోతే దగ్గర దగ్గర తొమ్మిది లక్షలు పోయినయి. ఆ తేడాను ఏ అప్పీలు తిరిగి తేదు, ఎందుకంటే జీతం ఎంతనేది వాస్తవం!

శాతం సంగతి ఇంకా ఘోరం. పైన చెప్పిన 18,71,820ల 50 శాతమంటే 9,35,910. 20 శాతమంటే 3,74,364. డాక్టరు రాసే ఒక అంకె మీద కుటుంబం బతుకు ఆధారపడ్తది. కానీ డాక్టరు చెప్పేది ఒంటికి ఎంత దెబ్బ అని. చట్టం అడిగేది సంపాదించే శక్తి ఎంత పోయిందని. రెండూ ఒకటి కావు. ఎడమకాలు నుజ్జయిన టిప్పర్ డ్రైవరుకు 40 శాతం అని సర్టిఫికెట్ ఇస్తే, క్లచ్ తొక్కలేనోనికి పోయింది 40 శాతం జీతమా, మొత్తం జీతమా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు జవాబు ఎప్పుడో ఇచ్చింది. 1976 రిపోర్టులల్ల ఉన్న ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసుల ఒక వడ్రంగికి ఎడమచెయ్యి మోచేతి పైకి పోయింది. యజమాని పాక్షిక వైకల్యమే అని ఆఖరి కోర్టుదాక కొట్లాడిండు. ఒక్క చేత్తో వడ్రంగి పని కాదు, కాబట్టి నష్టం నూటికి నూరు అన్నరు నలుగురు జడ్జీలు. పరిహారం బాకీ పడేది ప్రమాదం జరిగిన రోజునుంచే అని కూడా అన్నరు. మన కేసులల్ల ఆ తీర్పు పనికిరావాలంటే, "నా పని ఇది, ఈ అవయవం లేకపోతే ఆ పని కాదు" అని కమిషనర్ ముందు చెప్పి రాయించాలె. డాక్టరును సాక్షిగా పిలిచి అడిగించాలె. సర్టిఫికెట్ పడేసి ఊకుంటే కాదు.

ఇంకో మాట. "ఆదివాసీ కదా, ఇప్పసారా తాగే ఉంటడు." ఈ మాట మీరందరు విన్నదే. అది తిట్టు అని ఊకుంటం. ఎవరన్న దాన్ని కాగితం మీదికి ఎక్కిస్తే అది తిట్టుగా మిగలదు, వాస్తవంగా మారుతది. తాగిన మత్తు వల్లనే నేరుగా దెబ్బ తగిలిందని తేలితే యజమాని తప్పించుకోవచ్చని చట్టంల ఉన్నది. కానీ మనిషి చచ్చిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా ఆ సాకు నడవదు. ఇది మన పిల్లలందరికీ నోటికి రావాలె. దవాఖానల ఎవరు ఏం రాస్తున్నరో పక్కన నిలబడి చదివే ఒక్క చదువుకున్న పిల్లగాడు ఉంటే, సగం కేసు అక్కడనే కాపాడుకున్నట్టు.

"ఆయన మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి" అంటరు. సెక్షన్ 12 ఏమంటదో చూడుండ్రి. తన వ్యాపారంల భాగమైన పనిని కంపెనీ కాంట్రాక్టరుకు ఇస్తే, ఆ కూలీకి పరిహారం కంపెనీనే కట్టాలె. తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలె. అయితే ప్రమాదం కంపెనీ ఆధీనంల ఉన్న జాగల జరిగి ఉండాలె. అందుకే ఫిర్యాదుల జాగ పేరు సక్కగ రాయించాలె. ఏ గని, ఏ బెంచి, ఏ రోడ్డు, ఏ షిఫ్టు. నియామక పత్రం లేదని భయపడొద్దు. నోటిమాట మీద పెట్టుకున్నా ఉద్యోగే అని చట్టంల రాసున్నది.

ఇంక గేటుకాడి సంతకం సంగతి. చావు కేసుల పరిహారం కమిషనర్ దగ్గర డిపాజిట్ చెయ్యాల్సిందే. కుటుంబం చేతుల నేరుగా పెట్టిన పైసలను చట్టం పరిహారం కింద లెక్కపెట్టదు. "ఇంక ఏ కేసూ వెయ్యం" అని హక్కు వదులుకునే ఒప్పందం సెక్షన్ 17 ప్రకారం చెల్లదు. అంటే ఆ రాత్రి సంతకం పెట్టిన కుటుంబానికి తలుపు మూసుకపోలేదు. మూసుకపోయిందని మనమే నమ్మి ఇంట్ల కూసున్నం. రెండేండ్లు అట్లనే కరిగిపోతున్నయి.

అప్పీలు వెయ్యంగనే పైసలు ఆగిపోవాలని కూడా లేదు. యజమాని తీర్పు మీద అప్పీలు చెయ్యాలంటే ముందుగాల ఆ మొత్తం కమిషనర్ దగ్గర కట్టి, కట్టిన సర్టిఫికెట్ జతచెయ్యాలె. ఇంతకుముందు సెక్షన్ 30ఏ అని ఒకటి ఉండె. అప్పీలు తేలేదాక ఆ పైసలు ఆపిపెట్టే అధికారం అది ఇచ్చేది. 2017 సవరణల పార్లమెంటు ఆ సెక్షన్‌నే తీసేసింది. ఎందుకు తీసేసిందో మన వకీళ్లు గట్టిగా అడగాలె. అవతలోడు స్టే అడిగిననాడు ఈ మాట ముందు పెట్టాలె. కాలు పోయినోడు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వాయిదాలకు తిరుగుకుంట, తన పేరు మీదున్న పైసలను దూరంనుంచి చూసుకుంట, ఆఖరికి "సగానికి ఒప్పుకో" అన్న కబురుకు తల ఊపాల్సిన గతి రావొద్దు. ఆలస్యం చేస్తే ఏడాదికి 12 శాతం వడ్డీ, కారణం లేకుండ ఆపితే అసలుల సగం దాక జరిమానా కూడా అడగొచ్చు. అడగనోనికి ఎవరూ పిలిచి ఇయ్యరు.

కొందరంటరు, "ఇది తెల్లోళ్లనాటి చట్టం, కోర్టు మన భాషల మాట్లాడదు, వకీలు ఫీజు ఎవరిస్తరు?" మాట నిజమే. కానీ 1/70 కూడా చట్టమే, పెసా కూడా చట్టమే. అటవీ హక్కుల చట్టం వచ్చిననాడు పోడు పట్టా కోసం మనం ఏం చేసినం? పెద్దమనుషుల వాంగ్మూలం, సమాధుల గుర్తులు, పాత రసీదులు, గ్రామసభ తీర్మానం, అన్నీ కూడబెట్టినం. భూమికి చేసిన ఆ పని ఒంటికి ఎందుకు చెయ్యం? ఇంక ఫీజు మాట. 1987 న్యాయసేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్టీలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆదాయం ఎంతున్నా సరే. హైకోర్టుల కూడా న్యాయసేవల కమిటీ వకీలును ఇస్తది. 15100కు ఫోన్ చేస్తే దారి చెప్తరు.

మనం అడగాల్సినవి నాలుగు. ఒకటి, ప్రతి కాంట్రాక్టు కూలీకి ప్రతి నెలా జీతం చీటీ. రెండు, పనిల పెట్టుకున్న రోజే పరిహారం హక్కుల గురించి కూలీకి రాసి చెప్పాలని 2017ల చేర్చిన సెక్షన్ 17ఏ అంటున్నది. అది తెలుగుల రావాలె, గోండి, కోలామిల నోటితో కూడా చెప్పాలె. మూడు, కమిషనర్ ముందు మన భాష తెలిసిన దుబాసీ ఉండాలె, నెలకొకసారన్న విచారణ ఆసిఫాబాద్‌ల జరగాలె. విచారణ మూడు నెలల్లో ముగించాలని చట్టమే చెప్తున్నది. నాలుగు, పాత వాస్తవాలకే చట్టం రంగు పూసి తెచ్చే అప్పీళ్లను హైకోర్టు మొదటి వాయిదాలనే తిప్పి పంపాలె.

ఇవి వచ్చేదాక ఆగొద్దు. ఈ నెల మీ గూడెంల ఎవరెవరు కాంట్రాక్టు పనికి పోతున్నరో ఒక నోటు బుక్కుల రాయుండ్రి. పేరు, వయసు, కాంట్రాక్టరు, పని, షిఫ్టు, చేతికొచ్చే జీతం. గేటు పాసు ఫొటో, బ్యాంకు పాసుబుక్కు పేజీ ఫోన్ల దాచుండ్రి. గత రెండేండ్లల్ల దెబ్బలు తగిలి ఇంట్ల కూసున్నోళ్ల దగ్గరికి పోయి, తారీఖు అడిగి, ఇంక ఎన్ని రోజులు మిగిలినయో లెక్కపెట్టుండ్రి. గడువు దాటిందంటే కూడా వదలొద్దు. సరైన కారణం చూపెడితే తీసుకునే వీలు చట్టంల ఉన్నది.

భీం వారసులం అని చొక్కా మీద రాసుకున్నం. ఆ నోటు బుక్కు మీద కూడా రాసుకుందాం.

జల్, జంగల్, జమీన్!