వైద్యుని మాట: పెంకు పగిలిన తొలిరోజు

ఇక్కడ అల్ సువైక్‌లో పొదిగే కోడి లేక, నాటుకోడి గుడ్లను ఇంక్యుబేటరులో పెట్టి 21వ రోజుకోసం కాచుకు కూర్చున్నాము. ఒక కోడిపిల్ల పెంకుకు చిల్లి పెట్టి, గంటల తరబడి అలాగే ఉండిపోయింది. కాన్పులు చేయించిన చేతులు ఊరకుంటాయా? పెంకు ఒలిచాము. నెత్తురు కారింది, తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

తొందర మాదే. చిల్లి పడ్డాక కూడా లోపలి పొరలోని నెత్తురు, మిగిలిన పచ్చసొన కోడిపిల్ల ఒంట్లోకి చేరాలి. అందుకు 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. ఆ సొనే దానికి రెండు రోజుల ఆహారం. కనుక బయటపడ్డాక ఒళ్ళు ఆరి, నూగు పొంగేవరకు ఇంక్యుబేటరులోనే ఉంచండి. మాటిమాటికి మూత తీయకండి. ఆ తరువాత సుమారు 35 డిగ్రీల వేడి ఉన్న బ్రూడరుకు మార్చి, ముక్కును ఒకసారి నీటికి తాకించండి. బయట ఎండ మండుతున్నా ఏ.సి. గదిలో అది చలికి ముడుచుకుపోతుంది.

డాక్టరుగా మరొక మాట. చలాకీగా ఉన్న కోడిపిల్లలో కూడా సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. అయిదేళ్ళలోపు పిల్లలను ముట్టుకోనివ్వకండి. మిగిలినవారు ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. పెట్టెను వంటింట్లో పెట్టకండి.

వచ్చే నెల వడదెబ్బ గురించి వ్రాస్తాము.